జోడ్‌భావి పేటలో ఒక నాల్‌బందు ముంగిట

షోలాపురమునకు వచ్చు తెలుగువారు సాధారణముగా దుప్పట్లు కొనుటకో, చుట్టపుచూపునకో, సిద్ధేశ్వరుని దర్శించుటకో వత్తురు. దీపావళి దాటిన వారమున నేను జోడ్‌భావి పేటకు వచ్చినది, గుఱ్ఱములకు గిట్టలు చెక్కి లాడములు కొట్టు ఒక నాల్‌బందు పనితనమును కన్నులార చూచుటకు. తెలంగాణపు పల్లెలనుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచు తరతరములుగా వచ్చి చేరిన పద్మశాలీలు, ఇంటి భాషను గాని మార్కండేయుని ఆరాధనను గాని విడువక, మహారాష్ట్రమున తెలుగు పలుకును నిలుపుకొన్న పేటలలో ఇది యొకటి. ఇచ్చటి సందులలో నడచునపుడు ఇరుప్రక్కలనుండి మరమగ్గముల మ్రోత చెవులను క్రమ్ముకొనును. ఆ మ్రోత కొంచెము సన్నగిల్లిన చోట, రెండు ఎత్తైన గోడల నడుమ, వేపచెట్టు నీడలో అతని ఆవరణము గలదు: సగము బండపరుపు, సగము మట్టినేల, ఒక మూల ఇసుకకుప్ప, గోడకు తగిలించిన పట్టకార్లు, సుత్తులు, కొనలు వంగిన కత్తులు, మూరెడు పొడవుగల ఆకురాళ్ళు.

అతనికి అరువదేండ్లు దాటినవి. పేటవారందరును చాచా యని పిలుతురు. ఇంట దక్ఖనీ, బయట మరాఠీ, సాలెవారితో తెలంగాణపు తెలుగు, మూడును అతని నాలుకపై నిరాటంకముగా నడచును. తండ్రి కాలమున స్టేషనునకును పేటలకును నడుమ తిరుగు టాంగాల గుఱ్ఱములే ఆ యింటికి అన్నము పెట్టెనట. టాంగాలు తగ్గి ఆటోలు వచ్చిన పిమ్మట పెండ్లి ఊరేగింపుల గుఱ్ఱములును, రైతుల యెడ్లును మిగిలినవి.

ఆనాడు ఒక తెల్లని ఆడుగుఱ్ఱమును తోలుకొని వచ్చినవాడు పేటలోని పద్మశాలి యువకుడే. తులసీ వివాహము కాగానే ముహూర్తములు మొదలగును గనుక నాలుగు కాళ్ళకును లాడములు వేయించుకొని పోవలెనని అతని తొందర. చాచా మాత్రము కాలిని ముట్టనైన ముట్టలేదు. మొదట బండలపై నడిపింపుమనెను, తరువాత మట్టిపై, పిదప ఇరుకైన వలయముగా కుడికి, ఎడమకు త్రిప్పింపుమనెను. తాను ఒక చిన్న పీటపై, కన్నులు నేలకు దగ్గరగా నుండునట్లు కూర్చుండి, ఒక్కొక్క అడుగును పరికించుచుండెను.

"జానవరం నడిచి చూపెడ్తే సగం సంగతి గాడ్నే తెలుస్తది. మిగిలిన సగం కాలు లేపినంక తెలుస్తది" అని నా వంక చూచి చెప్పెను.

అతడు చూచుచున్నది గిట్టలో ఏ భాగము ముందుగా నేలను తాకుచున్నదను విషయము. ఆరోగ్యవంతమైన గుఱ్ఱము సమతలముపై నడచునపుడు మడమవైపు ముందుగానో, లేక అడుగంతయు ఒక్కసారిగానో నేలకు ఆనును. మడమలో నొప్పియున్న గుఱ్ఱము దానిని కాపాడుకొనుటకై గిట్టకొనను ముందుగా మోపును. ఈ గుఱ్ఱము ముందరి ఎడమకాలిని అట్లు మోపుచుండెను. శరీరభారములో ఇంచుమించు 60 శాతము ముందరి కాళ్ళమీదనే పడును గనుక ఆ కాలి దోషము అక్కడనే నిలువదు. భుజమునకు ఎగబ్రాకును, వీపునకు ప్రాకును. యువకుడు ఈ మాట విని, "పడుగుల ఒక పక్క బిగువు, ఒక పక్క వదులైతే గుడ్డంతా వంకర పోతది, గట్లనే గదా చాచా?" అనెను. చాచా తల యూపెను.

పిమ్మట అరచేతితో గిట్టల వేడిమిని తడవి చూచి, చీలమండ వెనుక రెండు వ్రేళ్ళుంచి నాడిని పరిశీలించి, గిట్ట గోడపై బొటనవ్రేలిని మెల్లగా పైనుండి క్రిందికి జార్చెను. వెండ్రుకలంచునకు అంగుళము దిగువను చిన్న గట్టువలె ఒక వలయము తగిలెను. అచ్చట వ్రేలు నిలిచెను.

"శావణంల ఏం పెట్టినవ్ బిడ్డా దీనికి?"

యువకుడు తెల్లబోయెను. చాతుర్మాస్యమున పెండ్లిండ్లు లేవు. గుఱ్ఱము కట్టుగొయ్యవద్దనే యుండెను. పని లేకున్నను ప్రేమ తగ్గరాదని నానబెట్టిన శనగలు, బెల్లము, జొన్నలు ఎప్పటివలెనే, కొన్ని దినములు ఎప్పటికంటె ఎక్కువగా, పెట్టితినని ఒప్పుకొనెను. గిట్ట గోడ నెలకు ఇంచుమించు 6 మొదలు 10 మిల్లీమీటర్లు పెరుగును. అంగుళము పెరుగుటకు సుమారు మూడు నెలలు పట్టును. ఆ నాల్‌బందు గిట్టమీద శ్రావణమాసమును చదివినాడు. ఏ శాస్త్రపరీక్షయందును ఉత్తీర్ణుడు గాని యొక వృద్ధుడు చేతివ్రేలితో చేసిన ఈ నిర్ణయము నన్ను నిజముగా పులకింపజేసినది.

గిట్టను మనము మేకులు దిగు జడపదార్థముగా, ఒక పెద్ద గోరుగా భావింతుము. బయటిగోడ అట్టిదే కావచ్చును. కాని దాని లోపల, అడుగున నుండు ఎముకను ఆ గోడకు పట్టియుంచునది పుస్తకపు పుటలవలె ఒకదానిలో నొకటి కూర్చిన సుమారు 600 సన్నని పొరలు. ఇంత దేహమును ఆ పొరల బంధమే మోయుచున్నది. పిండిపదార్థములు అధికమైన దాణాను అమితముగా తిన్న గుఱ్ఱమునకు ప్రేగులలో పులిసిన విషము రక్తమున కలియగా ఈ పొరలు వాచి, పట్టు సడలును. వ్యాధి ముదిరినచో ఎముక క్రిందికి తిరిగి అరికాలినే చీల్చుకొని వచ్చును. ఊరేగింపులో వరుని బంధువులు భక్తితో, ముచ్చటతో గుఱ్ఱము నోటికి అందించు లడ్డులును బెల్లపు ముక్కలును దానికి ఉపకారము చేయవు. ఈ మాటను పెండ్లిపత్రికలపై అచ్చువేయించినను తప్పులేదని నా దృఢాభిప్రాయము. ఈ గుఱ్ఱమునకు వచ్చినది స్వల్పమైన తాకిడి. ఇపుడు వేడిమి లేదు. వేడిమియు, కొట్టుకొను నాడియు కనబడిన క్షణముననే దాణా ఆపి, చల్లని నీటిలో కాళ్ళు నిలిపి, మెత్తని ఇసుకమీద కట్టి, పశువైద్యుని పిలువవలెనని, కత్తి తీసికొని తనవద్దకు పరుగెత్తి రాకూడదని చాచా గట్టిగా చెప్పెను.

అప్పుడు గాని కాలు ఎత్తలేదు. అడుగున త్రికోణాకారముగా రబ్బరువలె నుండు భాగమును గుఱ్ఱపువారు పుతలీ యందురు. షోలాపురపు నల్లరేగడి వానకాలమున గిట్టలోనికి బంకవలె పట్టి, గాలి చొరనీయక, పుతలీ ప్రక్కన చీలికలను కుళ్ళించును. ఆ దుర్వాసన ఈ గుఱ్ఱపు వెనుక కాలిలో సోకెను. అతడు కుళ్ళిన పొరను మాత్రమే తీసి, మైలుతుత్తము కలిపిన నీటితో కడిగి, గుడ్డతో తుడిచి ఆరనిచ్చెను. ఆరోగ్యముగానున్న పుతలీని అందమునకై చెక్కివేయు నాల్‌బందులను అతడు క్షమింపడు. అది నేలను తాకుచున్నంత కాలము అడుగు పడినప్పుడెల్ల మడమ విచ్చుకొని అదరును మ్రింగును, నెత్తురు ఆడును. మిగిలిన పని ఆకురాయిదే: మడమలను పుతలీ మట్టమునకు దించుట, సజీవమైన అరికాలిని ముట్టకుండుట, గోడ అంచును పగులకుండునట్లు గుండ్రముగా నునుపు చేయుట, గిట్ట ముందరి వాలు చీలమండ క్రింది ఎముక వాలుతో ఒక్క రేఖలోనికి వచ్చునట్లు కొనను వెనుకకు తెచ్చుట. ఎక్కువకాలము ఆగి ఎక్కువగా కోయుటకంటె, తరచుగా కొంచెము కొంచెము గీయుట మేలని అతని సిద్ధాంతము.

చాతుర్మాస్యమున లాడములు ఊడదీసి గుఱ్ఱములను వట్టి గిట్టలతో నుంచు పద్ధతిని అతడు తన గిరాకీలందరికిని నేర్పినాడు. మేకులు దిగిన చోట గోడ చిల్లులువడి బలహీనమగును. ఇనుము బిగిసిన గిట్ట విచ్చుకొనజాలదు. పాత చిల్లులు పెరిగి, క్రిందికి జారి, అరిగిపోవుటకు ఆ నాలుగు నెలలు గొప్ప అవకాశము. అయితే కట్టుగొయ్యకు కట్టివేసి లాడములు తీయుట సగము వైద్యమే యని ఆనాటి వలయము సాక్ష్యమిచ్చినది: నడక, మేత, నేల, ఈ మూడును కూడినప్పుడే గిట్ట బాగుపడును.

ఈ విచారము క్రొత్తది గాదు. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకువాడైన క్సెనొఫోన్, గుఱ్ఱపుసాల ముంగిట సుమారు అరకిలో తూగు గుండ్రాళ్ళు పరచి, గిట్టలు వానిపై గట్టిపడనీయవలెనని వ్రాసెను. మనదేశమున శాలిహోత్రుని పేర అశ్వవైద్యసంప్రదాయమే వెలసినది. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును రచించెను. ఇంగ్లండున బ్రేసీ క్లార్క్ అను పశువైద్యుడు ఒకే గుఱ్ఱపు గిట్టకు ఏండ్ల తరబడి అచ్చులు తీసి, లాడముల క్రింద అది క్రమముగా కుంచించుకొనిపోవుటను చూపి, 1809లో గ్రంథము ప్రకటించెను. అమెరికాలో స్వయముగా నాల్‌బందు వృత్తి చేసిన జేమీ జాక్సన్ 1982 మొదలు 1986 వరకు గ్రేట్ బేసిన్ ఎడారిలోని అడవిగుఱ్ఱముల గిట్టలను పరిశీలించి, వానినే ఆదర్శముగా నిలిపి 1992లో పుస్తకము వెలువరించెను. నేటి సహజ గిట్టల సంరక్షణకు అది ప్రేరకమైనది. ఆ ఆదర్శమునకును హద్దు గలదు. ఆస్ట్రేలియాలో బ్రయన్ హాంప్సన్, క్రిస్ పాలిట్ ప్రభృతులు అచ్చటి అడవిగుఱ్ఱములు దినమునకు సగటున 16 కిలోమీటర్లు నడచుచున్నవని కొలిచిరి. కాని ఆ గుఱ్ఱములలోను పలువాటికి గిట్టల వ్యాధులున్నవని వారే తేల్చిరి. ప్రకృతి పేరు చెప్పి పరీక్షను మానరాదు.

ఎడారులదాక పోనక్కరలేదు. షోలాపుర జిల్లాలోను, పుణే, సాతారా, అహిల్యానగర్ (పూర్వపు అహ్మద్‌నగర్) జిల్లాలలోను ధనగరు గొఱ్ఱెలకాపరులు సామాను మోయించుకొను చిన్న గుఱ్ఱములు భీమ్‌థడీ జాతివి. ఇటీవలనే ప్రభుత్వముచే ప్రత్యేకజాతిగా గుర్తింపబడినవి. ఈ మాట వచ్చినప్పుడు చాచా ముఖము వికసించెను. మందలతో రాళ్ళదారుల వెంట నెలల తరబడి నడచు గుఱ్ఱమునకు దారియే ఆకురాయి యని అతని మాట. పేటగుఱ్ఱమునకు ఆ దారి లేదు గనుకనే తన చేయి కావలసివచ్చినదట.

చివరకు లాడముల ప్రసంగము వచ్చెను. ఊరేగింపు తారురోడ్డుమీద గంటల తరబడి నిలుచును, అడుగడుగున ఆగును. అట్టి నేలమీద వట్టి గిట్ట అరుగుదలకు పెరుగుదల చాలదని చాచా అంగీకరించెను. అందుచేత ముందరి కాళ్ళకు మాత్రము తేలిక లాడములు, మేకులు గిట్ట ముందరి సగములోనే, మడమలు స్వేచ్ఛగా. వెనుక కాళ్ళు వట్టివి.

"నాలుగు కాళ్ళకు నాల్‌లు లేకుంటె బారాత్‌ల టక్‌టక్ సప్పుడు రాదు చాచా, పెండ్లోళ్ళు అడుగుతరు."

"సప్పుడు బ్యాండోళ్ళు చేస్తరు బిడ్డా. గుర్రం నడవాలె."

ఉదయము మొఱపనేలమీద గంటసేపు నడక, శనగలకు బదులు జొన్న చొప్ప, బెల్లము పూర్తిగా నిషిద్ధము. ఎనిమిది వారములు కాదు, ఆరు వారములకే మరల తీసికొనిరావలెను. యువకుడు ఫోనులో ముహూర్తముల పట్టికను పైకి క్రిందికి జరిపి చూచి, మార్గశిరములో ఖాళీగానున్న ఒక మంగళవారమును నిర్ణయించుకొని, ముందరి ఎడమకాలిని తానే ఎత్తి పట్టుకొనెను.