కుక్క రానని చెప్పదు

సావనీరుకు ఏదైనా రాసిమ్మని యూనియన్ కార్యదర్శి వారం రోజులుగా నా వెంటబడ్డాడు. నేను రచయితను కాను. ల్యాబు రికార్డు తప్ప మరొకటి రాసిన పాపాన పోలేదు. తోటి మిత్రులు ఎన్.ఎస్.ఎస్. క్యాంపు గురించి, విహారయాత్ర గురించి, ప్రేమ గురించి రాస్తున్నారు. నాకు రాయడానికి ఉన్నది ఒక్కటే: నిరుడు ఎండాకాలంలో బేగంబజార్‌లో ఒక కుక్కను తిప్పిన సంగతి. ఇదీ ఒక విషయమేనా అని నవ్వుకునేవాళ్ళు చివరిదాకా చదివి నవ్వుకోండి.

మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. మూడెకరాల చెలక, ఒక బాయి, రెండెద్దులు. డిగ్రీ చదువుకని పట్నం వచ్చి, బేగంబజార్‌లో ఒక మసాలా దినుసుల గోదాము మీది గదిలో దిగాను. సాయంత్రాలు సేఠ్‌జీ దుకాణంలో లెక్కలు రాయాలి. అందుకు గది అద్దె లేదు, పైన చేతిఖర్చుకు కొంత ఇస్తారు.

బేగంబజార్ ఎరగనివాళ్ళకు రెండు మాటలు. నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం ఈ నేలను వర్తకులకు ఇచ్చిందనీ, అందుకే ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. ఎండుమిర్చి, జీలకర్ర, బాదం, ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు, టోకున దొరకనిదంటూ లేదు. ఇరుకు సందుల్లో ఠేలాలు, ట్రాలీ ఆటోలు, హమాలీలు, బేరగాళ్ళు ఒకరినొకరు రాసుకుంటూ నడవాలి. గోడలూ గచ్చులూ రేకులూ పగలంతా తాగిన ఎండను రాత్రంతా కక్కుతుంటాయి. 1966 జూన్ 2న హైదరాబాద్‌లో 45.5 డిగ్రీల ఎండ నమోదైంది. అది రోహిణి కార్తె. రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు.

సేఠ్‌జీ ఇంట్లో షేరూ అని ఒక లాబ్రడార్ ఉంది. పేరుకు సింహం, గుణానికి గోవు. దాని జాతి పూర్వికులు కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరాన, చల్లని సముద్రంలో జాలరులకు సాయం చేసిన కుక్కలు. వాటి వారసుడేమో బేగంబజార్‌లో మూడో అంతస్తులో నేతి రొట్టెలు తిని బస్తాలా తయారయ్యాడు. బరువు తగ్గించకపోతే కీళ్ళు పోతాయని పశువుల డాక్టరు చెప్పాడట. మర్నాడే సేఠ్‌జీ నన్ను పిలిచారు.

"బేటా, నువ్వు పల్లెటూరోనివి. జానవర్ల సంగతి నీకు ఎరుకే. రోజూ ఒక గంట షేరూను ఉరికించు. నెలకు రెండు వేలు ఇస్త" అన్నారు.

రెండు వేలంటే నాకు మెస్సు బిల్లులో పెద్ద భాగం. సంతోషంగా తల ఊపాను. చిక్కల్లా వేళ దగ్గర వచ్చింది. రాత్రి పొద్దుపోయాక దుకాణం కట్టే ఇల్లు గనుక వాళ్ళు లేచేసరికి ఎనిమిది దాటుతుంది. నాకు తొమ్మిదికల్లా కాలేజీ. సాయంత్రం లెక్కలు. ఆ ఏప్రిల్‌లో మాకు ప్రాక్టికల్సు పన్నెండున్నరకు అయిపోయేవి. "ఒంటిగంటకు వస్తవు గదా, అప్పుడు తీస్కపో" అన్నారు సేఠ్‌జీ. సరేనన్నాను.

మొదటి రోజు షేరూకు గొలుసు వేసి మెట్లు దిగాను. వీధిలో అడుగు పెట్టగానే అది ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. నేను కదలగానే తోక ఊపుకుంటూ కదిలింది. అఫ్జల్‌గంజ్ వైపు పది నిమిషాలు కూడా నడవలేదు, నాలుక బారెడు బయటికి వచ్చింది. ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతోంది. నేను వంగి చేతి వెనకవైపు రోడ్డుకు ఆనించాను. మూడు లెక్కపెట్టకముందే తీసేశాను. ఎర్రటి ఎండకు తారురోడ్డు 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. నా కాళ్ళకు చెప్పులున్నాయి, దానికి లేవు.

అప్పుడు నాకు మోతి గుర్తొచ్చింది.

మోతి మా ఇంటి కుక్క. నాకు పన్నెండేళ్ళప్పుడు మేనమామ తన పాత సైకిలు నాకిచ్చాడు. నాయినకు బాయికాడికి సద్ది తీసుకుపోవాలి. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం. మోతి వేపచెట్టు కింద, నీళ్ళ గోలెం పక్కన తడిమట్టిలో గుంత తవ్వుకుని అందులో పడుకుంది. కొత్తగా సైకిలు ఎక్కినవాడికి చూసేవాళ్ళు కావాలి గదా! నేను ఈల వేసి పిలిచాను. లేచి వచ్చింది. రెండు కిలోమీటర్లు సైకిలు వెంట ఉరికింది. అది ఉరుకుతుంటే నాకు హుషారెక్కి ఇంకా జోరుగా తొక్కాను. బాయిగడ్డకు చేరేసరికి దాని కాళ్ళు తడబడ్డాయి. పక్కకు ఒరిగి నురగ కక్కింది. నాయిన అరక వదిలి చెట్టు కింద ఉన్నవాడల్లా పరుగున వచ్చి బొక్కెనతో నీళ్ళు పోశాడు. అప్పటికే మించిపోయింది.

నాయిన కొట్టలేదు, తిట్టలేదు. గుంత తవ్వుతూ ఒక్క మాట అన్నాడు. "ఎద్దు గుంజనని చెప్పదు, కుక్క రానని చెప్పదు. మనమే సూసుకోవాలె బిడ్డా."

పొద్దెక్కకముందే ఆయన అరక విప్పి ఎద్దులను నీడకు కట్టేయడం పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. కుక్కకూ అదే లెక్క అని నాకు తట్టలేదు. అంతకన్నా సిగ్గుచేటు మరొకటుంది. ఎందుకు తీసుకొచ్చినవని అడిగితే "అదే వెంటబడి వచ్చింది" అని అబద్ధం చెప్పాను. ఆ ఈల సంగతి ఎవరికీ చెప్పలేదు.

బి.జెడ్.సి. రెండో సంవత్సరంలో శరీరధర్మశాస్త్రం పాఠం వింటున్నప్పుడు మోతి ఎందుకు చనిపోయిందో తెలిసింది. మనిషికి ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు అరికాలి మెత్తల్లో కాస్త తప్ప ఒంటిని చల్లబరిచే చెమట లేదు. దానికి ఉన్న దిక్కల్లా రొప్పడమే. నిమ్మళంగా ఉన్నప్పుడు నిమిషానికి ముప్ఫై లోపు తీసే ఊపిరి, రొప్పేటప్పుడు 300 దాటుతుంది. అమెరికాలో ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ 1970లో ఒక చక్కని సంగతి ప్రకటించారు. రొప్పే కుక్క గాలిని ముక్కుతో పీల్చి ఎక్కువగా నోటితో వదులుతుందట. లోపలి తడి మీదుగా పోయే గాలి ఆవిరిని మోసుకుపోతుంది. ఆ తడిలో చెప్పుకోదగ్గ భాగం ముక్కులోని గ్రంథులు అందిస్తాయని 1972లో మరో పరిశోధన తేల్చింది. ఒక గ్రాము నీరు అలా ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడి పోతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇదీను.

కాని ఆ కుండకు ఒక హద్దుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల చిల్లర. 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. పరుగెత్తే కండరం ఖర్చుపెట్టే శక్తిలో మూడొంతులకు పైగా వేడిగానే మారుతుంది. అంటే బయటి ఎండ ఒకటి, లోపలి పొయ్యి మరొకటి. బ్రిటన్‌లో పశువైద్య రికార్డులు తిరగేసి 2020లో ప్రకటించిన అధ్యయనంలో, వడదెబ్బ తగిలిన కుక్కల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు పరుగో, నడకో, ఆటో కారణమని తేలింది. అంత చల్లని దేశంలోనే అలాగైతే మన రోహిణి కార్తె మాటేమిటి? మోతిని ఎండ ఒక్కటే చంపలేదు. నా సైకిలు చంపింది. ఆ రోజు క్లాసులో నా కలం ఆగిపోయింది.

ఇవన్నీ అఫ్జల్‌గంజ్ రోడ్డు మీద ఒక్కసారిగా నా కళ్ళముందు తిరిగాయి. షేరూను గోడనీడ వెంట మెల్లగా నడిపించి వెనక్కి తెచ్చాను. గోదాములో కుళాయి కింద కాళ్ళూ పొట్టా తడిపి, ఫ్యాను ముందు పడుకోబెట్టి, గిన్నెలో నీళ్ళు పెట్టాను. అది తెప్పరిల్లాక దుకాణానికి వెళ్ళాను.

"ఏం బేటా, గప్పుడే వచ్చినవ్?"

"ఈ ఎండల నేను తిప్పను సేఠ్‌జీ."

"అది మంచిగ తోక ఊపుకుంట పోయింది గదా!"

"అదే నా భయం. తోక ఊపుకుంటనే సచ్చిపోతది."

మాట కాస్త గట్టిగా వచ్చింది. దుకాణంలో అందరూ తలెత్తారు. సేఠ్‌జీ కనుబొమలు ముడిపడ్డాయి. రెండు వేలు పోయాయి, గది కూడా పోతుందేమో అనుకున్నాను. అప్పుడు బస్తాల మీద కూర్చున్న ముసలి హమాలీ తాత, పాలమూరు వైపు మనిషి, నెత్తిమీది తడి తువ్వాల తీసి పిండుతూ అన్నాడు.

"పిల్లగాడు చెప్పింది నిజమే సేఠ్. మాకు చెప్పులున్నయి, తువ్వాలున్నది. పాణం ఆగకుంటే జరసేపు కూసుంటమని అడుగుతం. దానికి నోరేడున్నది?"

సేఠ్‌జీ కాసేపు మాట్లాడలేదు. "మరి ఎప్పుడు తిప్పుతవ్?" అన్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకన్నాను. ఆ వేళకు గ్రిల్లు తాళం ఎవరు తీస్తారని సందేహం. ఇంట్లో నగా, నగదూ ఉంటాయి. బయటివాడి చేతికి తాళంచెవి ఇవ్వడమంటే చిన్న మాట కాదు. రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. మూడో నాటి సాయంత్రం నేను రాసే లెక్కల పుస్తకం మీద ఒక తాళంచెవి ఉంది. "షేరూ రాత్రంతా తలుపు గీకుతున్నడు" అని మాత్రం అన్నారు.

అప్పటినుంచి మే నెలంతా తెల్లారకముందే లేచాను. గచ్చు చల్లబడేది ఆ వేళకే. మొదటి వారం పది నిమిషాలు, తరువాత పావుగంట, అరగంట. మొజంజాహీ మార్కెట్ దాకా పోయి రావడం. సంచిలో నీళ్ళ సీసా, చిన్న గిన్నె. నాలుక వెడల్పయి గరిటెలా వేలాడినా, చిగుళ్ళు బాగా ఎర్రబడినా, చొంగ చిక్కబడినా, కుక్క వెనకబడినా అక్కడే ఆగాలి. ముందు నీడ, ఒంటిమీద నీళ్ళు, గాలి, ఆ తరువాత డాక్టరు. నోట్లో బలవంతాన నీళ్ళు పోయకూడదు. పగలు బయటికి పోని లోటు గోదాములో తీర్చాం. బస్తాల సందుల్లో రొట్టె ముక్కలు దాచి షేరూను వెతకమనేవాణ్ణి. జీలకర్ర, ధనియాల ఘాటులో కూడా అది రొట్టెను పసిగట్టేది. పావుగంట ముక్కుతో వెతికాక హాయిగా నిద్రపోయేది. నేతి రొట్టెలూ తగ్గాయి. మిర్చి బస్తాల వైపు మాత్రం పోనివ్వలేదు.

వీధికుక్కలకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. పగలు ట్రాలీల కింద, కాలువ పక్కన పడుకుంటాయి, తిరుగుడంతా రాత్రే. వాటికి లేనిది నీళ్ళు. ఒక మట్టి మూకుడు తెచ్చి దుకాణం ముందు పెట్టబోతే పక్క దుకాణం ఆయన అడ్డుపడ్డాడు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో కుక్కల దాడిలో నాలుగేళ్ళ పసివాడు చనిపోయిన సంగతి ఎత్తాడు. ఆయనకూ చిన్న మనవడున్నాడు. ఆయన భయం అబద్ధం కాదు గనుక వాదించలేదు. మూకుడును పిల్లలు తిరగని గోదాము వెనక గోడ దగ్గరికి మార్చాను. ఇప్పుడు నేను ఊరెళ్ళినప్పుడు హమాలీ తాత అందులో నీళ్ళు నింపుతున్నాడు.

జూన్‌లో తూకం వేస్తే షేరూ మూడు కిలోలు తగ్గాడు. సేఠ్‌జీ మిఠాయి తెప్పించారు. ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి నాయినకు ఇదంతా చెప్పాను. చెబుతూ చెబుతూ ఆగలేక, "నాయినా, ఆ రోజు మోతి దానంతటది రాలేదు. నేనే ఈల కొట్టి పిలిచిన" అన్నాను.

నాయిన కాసేపు మాట్లాడలేదు.

"నాకెరుకే బిడ్డా. పిలువకుంటే అంత ఎండల ఆ గుంతలకెల్లి అది లేస్తదా?" అన్నాడు.

తరువాత, ఎద్దులకు నీళ్ళు పెట్టే యాళ్ళయిందని ఫోను పెట్టేశాడు.