మిగిలిపోయిన థాన్

కొత్తగా ప్లాస్టరింగ్ చేయించుకున్న మనవాళ్లు ఎవరు ఫోన్ చేసినా, సలాం తర్వాత అడిగేది ఒకటే. "భాయ్, రంగు ఎప్పుడు వేయించాలి? అబ్బాని అడిగి చెప్పు." మా అబ్బా ముప్పయ్యేళ్లు జూబ్లీహిల్స్ బంగ్లాలకు లప్పం పెట్టి, రంగులేసిన మనిషి. అడిగితే "28 రోజులు" అంటారు, అంతే. మిగతాది నేనే చెప్పాలి. ఎందుకంటే తప్పు చేసింది నేను.

మా ఇల్లు ఫిల్మ్‌నగర్ కొండ వాలులో, బస్తీలో. పైన ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియో. కింద షేక్‌పేట వైపు దిగితే కుతుబ్‌షాహీ గుంబజ్‌లు. బంగ్లాల పని లేని నెలల్లో అబ్బా సినిమా సెట్లకు పోయేవారు. చెక్క ఫ్రేముకు ప్లైవుడ్ కొట్టి, దాని మీద గుడ్డో కాగితమో అంటించి రంగేస్తే అదే రాజమహల్. షూటింగ్ అయిపోగానే పీకేస్తారు. "సెట్ గోడ కెమెరాకు బాగుంటే చాలు బేటా. ఇంటి గోడ లోపల నీళ్లుంటాయి" అనేవారు.

2016లో రేకులు తీసేసి స్లాబు వేసుకున్నాం. బాజీ నిఖా షవ్వాల్‌లో, జూలై 31న ఖాయమైంది. మేస్త్రీ ఆలస్యం చేసి చేసి, ఈద్‌కి మూడు రోజుల ముందు లోపలి ప్లాస్టరింగ్ ముగించాడు. నిఖాకి మిగిలింది 27 రోజులు. అబ్బా లెక్కలో గోడ ఆరడానికే 28 కావాలి, అదీ ఎండాకాలమైతే. మాకేమో వాన పడుతోంది.

సిమెంటు ఎండితే గట్టిపడదు, నీళ్లు తాగి గట్టిపడుతుంది. అందుకే వారం రోజులు గోడను తడుపుతాం. ఆ తర్వాత ఆ నీళ్లు మెల్లగా బయటికి పోవాలి. పోతూ పోతూ ఉప్పును పైకి తెస్తాయి. దాన్నే మనం షోరా అంటాం. పచ్చి ప్లాస్టర్‌లో క్షారం కూడా ఎక్కువ. ఆయిల్ పెయింట్ వేస్తే దాన్ని సబ్బులా చేసేస్తుంది. ఇవన్నీ తెలిసిన అబ్బా ఒక దారి చెప్పారు. "ఇప్పటికి సున్నం కొడదాం. సున్నం గోడను ఊపిరి తీసుకోనిస్తుంది. రంగు వచ్చే ఏడాది."

గుంబజ్‌ల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు పాత సిమెంటు పూతలు చెక్కేసి, బెల్లం, మారేడు గుజ్జు కలిపిన సున్నంతో మళ్లీ పూత వేయిస్తూ వచ్చారు. అబ్బా ఆ పని చూసొచ్చి వారం పాటు అదే మాట్లాడారు. మామూ మాత్రం ఒప్పుకోలేదు. "కుతుబ్‌షాహీలకు సరిపోతే సరిపోనీ దూల్హాభాయ్, మన సమ్‌ధీలకు సరిపోదు. హీరోల ఇళ్లకు రంగులేసేవాడి బిడ్డ షాదీ సున్నం గోడల మధ్యనా? ఇజ్జత్ ఏం కావాలి?" ఆ మాట అబ్బా కంటే నాకే ఎక్కువ తగిలింది. నాకప్పుడు పందొమ్మిదేళ్లు.

ఆ నెలలోనే అబ్బా జూబ్లీహిల్స్‌లో ఒక బంగ్లా చేస్తున్నారు. అక్కడి డిజైనర్ తెల్లటి చుట్టలు తెప్పించాడు. సన్న గాజు పోగులను వత్తి చేసిన పల్చటి పరద, మీటరు వెడల్పు. బట్టల థాన్‌లా ఉందని పనివాళ్లు దాన్ని థాన్ అనే పిలిచారు. ఆరిన గోడకు ప్రైమర్ వేసి, గోడకే గమ్ము పూసి, పైనుంచి కిందికి అంటించి, గాలి లేకుండా వత్తాలి. రెండు ముక్కల అంచులు ఒకదానిమీద ఒకటి వేసి, ఒకే కత్తి గాటుతో రెండూ కోస్తే అతుకు కనిపించదు. మర్నాడు దాని మీద రెండు కోట్ల ఎమల్షన్. వెంట్రుక పగుళ్లన్నీ మాయం. చేతులు మాత్రం ఒకటే దురద.

బంగ్లాలో ఇంకో గది మిగిలింది. స్టోర్ రూమ్ కారుతోందని అబ్బా ఒక థాన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి మా ఇంటికి తెచ్చారు. అమ్మీ చూసి ఉలిక్కిపడింది. "యా అల్లాహ్, షాదీ ఇంట్లోకి కఫన్ గుడ్డలాంటిది తెచ్చారేందీ!" అబ్బా నవ్వి నా వైపు తిరిగి అన్నారు, "అమానత్ హై. హాత్ నక్కో లగావ్."

నిఖాకి నాలుగు రోజుల ముందు అబ్బా రుఖాలు పంచడానికి జహీరాబాద్ వెళ్లారు. నేనూ, నా దోస్తూ రాత్రంతా కూర్చుని, హాల్లో ఎదురుగోడకు ఆ థాన్ అంటించేశాం. మర్నాడు పిస్తా రంగు. సుబ్‌హానల్లాహ్, అద్దంలా వచ్చింది.

అబ్బా తిరిగొచ్చి గోడ మీద అరచేయి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. తిట్టలేదు. వుజూ చేసుకుని నమాజ్‌కి పోయారు. తెల్లారి నన్ను వెంటబెట్టుకుని బంగ్లాకు నడిచారు. విషయం తానే చెప్పారు. మేడమ్ "పెళ్లిల్లు కదా, పోనీ" అన్నారు. అబ్బా ఒప్పుకోలేదు. "నా బిడ్డ నిఖా చదివే గదిలో అడగకుండా తెచ్చింది ఉండొద్దు మేడమ్. మిగిలిన గదికి నా మజూరీ రాయకండి."

నిఖా రోజు అందరూ ఆ గోడనే మెచ్చుకున్నారు. మామూ అయితే సమ్‌ధీలను తీసుకొచ్చి మరీ చూపించాడు. నేను తలెత్తలేదు. వలీమా అయ్యాక, ఆ మిగిలిన గదికి లప్పం రుద్దే పని నాకు పడింది. ముక్కుకు రుమాలు కట్టుకున్నా గొంతులోకి పోయే ఆ తెల్లటి ధూళిని అబ్బా ముప్పయ్యేళ్లు మింగారని నాకు తెలిసింది అప్పుడే.

మా గోడ పది రోజులు కూడా ఆగలేదు. కింది నుంచి బుడగలు లేచాయి. సెప్టెంబర్ వానలకు ఊరంతా మునిగినప్పుడు మా హాల్లో పిస్తా రంగు తిత్తిలా వేలాడింది. థాన్ పగుళ్లను కప్పుతుంది గానీ తేమను ఆపదు. ఏప్రిల్‌లో లాగితే తడి రొట్టెలా ఒకే ముక్కగా ఊడొచ్చింది. వెనక నల్లటి బూజు, షోరా.

ఈసారి తొందరపడలేదు. జానెడు ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి, ఒక రోజు తర్వాత చూశాం. లోపల చెమట పట్టింది. మళ్లీ ఆగాం. మూడోసారికి పొడిగా వచ్చింది. అప్పుడు రెండు కోట్ల లప్పం, రుద్దుడు, ప్రైమర్, రంగు. రంగు బాజీ ఎంచింది, తెలుపు.

నిన్న టోలిచౌకీ నుంచి ఒక ఖాలా ఫోన్ చేశారు. ప్లాస్టరింగ్ అయి రెండు వారాలట, వచ్చే జుమా లోపు రంగు కావాలట. అబ్బాకి చెప్పాను. ఇప్పుడు నిచ్చెన ఎక్కలేరు గానీ వస్తానన్నారు. రేపు అసర్ తర్వాత బయల్దేరుతాం. ఖాలా, ప్లాస్టిక్ కవర్ మేం తెస్తాం, టేపు మీ ఇంట్లో ఉందా?