సీలు తీసిన సీసా లెక్క

బ్రేక్ ఆయిల్ సీసా మూత కింద అతికించిన అల్యూమినియం రేకు ఊడదీసిన రోజు నుంచే లోపలి ద్రవం ఆయుష్షు తగ్గుతూ వస్తుంది. సీలు తీయని సీసా నీడపట్టున ఉంటే రెండేళ్లకు పైనే నిలుస్తుంది. సీలు తీసినదాన్ని ఏడాది దాటాక వాడకపోవడమే మంచిది. వానాకాలం అంతా షెడ్డులో ఉన్న సీసా అయితే అంతకంటే ముందే పక్కన పెట్టాలి. కారణం తేమ. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలను గ్లైకాల్ ఈథర్లతో తయారు చేస్తారు. ఇవి గాలిలోని నీటిని పీల్చుకుంటాయి. మూత ఎంత బిగించినా సీసాలో ఖాళీ అయిన మేరకు గాలి చేరుతుంది, ఆ గాలితో పాటే తేమా వస్తుంది. అందుకే అడుగున కొద్దిగా మిగిలిన సీసా ముందుగా పాడవుతుంది.

తేమ చేరితే మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. డాట్ 4కు ఇది 230, డాట్ 5.1కు 260. అదే ద్రవంలో 3.7 శాతం నీరు చేరాక ఉండాల్సిన కనీస స్థాయి వరుసగా 140, 155, 180 డిగ్రీలు. అంటే ఎక్కువ ధర పెట్టి డాట్ 4 కొని, దాన్ని అలాగే పాతబడనిస్తే, అది కొత్త డాట్ 3 కంటే 50 డిగ్రీలు తక్కువ స్థాయికి దిగజారవచ్చు. రంగు చూసి ఈ తేడా కనిపెట్టలేం. నీళ్లు చేరిన ద్రవం కూడా లేత పసుపు రంగులో, శుభ్రంగానే కనిపించవచ్చు.

పహాడీ షరీఫ్‌లో బండి ఉన్నవారికి ఈ అంకెలు చాలా అవసరం. బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉన్న ఈ గుట్ట పక్క నుంచే శ్రీశైలం హైవే వెళుతుంది. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక ఈ వైపు క్యాబుల రాకపోకలూ పెరిగాయి. ఎయిర్‌పోర్టుకో, చాంద్రాయణగుట్టకో పోయి వచ్చే బండిలో పాత బ్రేక్ ఆయిల్ ఉన్నా తేడా తెలియకపోవచ్చు. అదే బండి నిండా మనుషులతో తుక్కుగూడ, కల్వకుర్తి, మన్ననూరు దాటి, దోమలపెంట దగ్గర కృష్ణా నది వైపు ఘాట్ దిగేటప్పుడు పరిస్థితి మారుతుంది. మలుపు మలుపుకూ బ్రేకు తొక్కితే డిస్కుల వేడి కాలిపర్లలోకి, అక్కడి నుంచి ద్రవంలోకి పాకుతుంది. అందులోని నీరు ఆవిరవుతుంది. ద్రవం నొక్కితే అణగదు, ఆవిరి అణుగుతుంది. దాంతో పెడల్ మెత్తబడి నేల దాకా పోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే బండిలో ఉన్న బ్రేక్ ఆయిల్‌ను, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నదానితో పని లేకుండా, రెండేళ్లకోసారి మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి.

డబ్బు వృథా అయ్యేది మాత్రం సీసా కొనేటప్పుడు. బైకు ముందు డిస్కు బ్రేకుకు పాతది పూర్తిగా తీసి కొత్తది పోసినా పట్టేది సుమారు 100 మిల్లీలీటర్లు. కారుకైతే నాలుగు చక్రాలూ బ్లీడింగ్ చేయడానికి అర లీటరు నుంచి లీటరు దాకా కావాలి. పావు లీటరు సీసా 150 రూపాయలు, లీటరు డబ్బా 450 అనుకుందాం. ప్యాక్ మీది యూనిట్ ధర చూస్తే పెద్ద డబ్బాయే చవక: మిల్లీలీటరు 60 పైసలకు బదులు 45 పైసలు. కానీ బైకుకు 100 వాడి, మిగిలిన 900 పాతబడి పారబోస్తే, వాడిన ఒక్కో మిల్లీలీటరు నాలుగున్నర రూపాయలు పడినట్టు. చిన్న సీసాతో ఇదే పని రూపాయిన్నరలో అయ్యేది. మిగిలింది కూడా తక్కువే కనుక పారబోయడానికి మనసు వెనకాడదు. పెద్ద డబ్బా మిగిలితే మనసు వెనకాడుతుంది, అదే అసలు ప్రమాదం. డబ్బు పెట్టి కొన్నామన్న ఒక్క కారణంతో పాతదాన్ని బండిలో పోస్తారు.

పెద్ద డబ్బా ఒక సందర్భంలో నిజంగా కలిసొస్తుంది. ఒకే గల్లీలోని క్యాబ్ యజమానులు ఇద్దరు ముగ్గురు ఒకే రోజు పని పెట్టుకుంటే డబ్బా ఆ పూటకే ఖాళీ అవుతుంది. మెకానిక్ దగ్గర సీలు తన కళ్ల ముందే తీయించుకోవడం బండి యజమాని హక్కు. తయారైన నెల, సంవత్సరం సీసా మీద ముద్రించి ఉంటాయి. సీలు తీసిన తేదీ మాత్రం ఎవరో ఒకరు మార్కర్‌తో మూత మీద రాస్తేనే ఉంటుంది.

ఇంజన్ ఆయిల్ లెక్క వేరు. అది బ్రేక్ ఆయిల్‌లా తేమ కోసం కాచుకుని ఉండదు. మూత గట్టిగా పెట్టి, దుమ్ము పడకుండా నీడలో నిలబెడితే మిగిలిన అర లీటరును తర్వాతి సర్వీసుకు వాడుకోవచ్చు. ఏడాది, రెండేళ్లు ఫర్వాలేదు. పాలలా తెల్లబడినా, అడుగున చిక్కటి మడ్డి కనిపించినా పోయకూడదు. గేర్ ఆయిల్‌కూ ఇవే జాగ్రత్తలు. కాబట్టి ఇంజన్ ఆయిల్ పెద్ద డబ్బా కొంటే మిగిలేది నిజమైన ఆదాయే. ఇంజన్ ఆయిల్‌ను బ్రేక్ ట్యాంకులో మాత్రం చుక్క కూడా పోయకూడదు. రబ్బరు సీళ్లు ఉబ్బి, మాస్టర్ సిలిండర్ నుంచి కాలిపర్ల దాకా మార్చాల్సి వస్తుంది.

కూలెంట్ సీసాలో చాలా కాలం నిలుస్తుంది. దాన్ని పాడుచేసేది ఎక్కువగా అందులో కలిపే నీళ్లే. చిక్కటి కూలెంట్‌లో బోరు నీళ్లు కలిపితే లవణాలు రేడియేటర్‌లో పేరుకుంటాయి. కొన్ని రూపాయల డిస్టిల్డ్ వాటర్ దగ్గర మిగుల్చుకున్నది ఆ తర్వాత రేడియేటర్ ఖర్చులో తేలుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం కనుక మిగిలిన సీసా పిల్లలకు అందకూడదు, కూల్ డ్రింక్ సీసాలో అసలే పోయకూడదు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 ఉద్గార ప్రమాణాలు వచ్చాక చాలామంది లారీల వాళ్లకు డీఈఎఫ్ (డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్) ఖర్చు తోడైంది. ఇది 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధమైన నీరు. దీనికి వేడి పనికిరాదు. 25 డిగ్రీల లోపు నిల్వ ఉంచితే ఏడాదిన్నర, 30 లోపు అయితే ఏడాది, 35 దాకా పోతే ఆరు నెలలే. రేకుల షెడ్డులో ఏప్రిల్, మే వేడికి ఈ గడువు ఇంకా కుంచించుకుపోతుంది. ఎండాకాలం ముందు ఆఫర్‌లో బకెట్లు పేర్చుకునే కంటే నెలకు సరిపడా కొనడమే లాభం.

గడువు మీరిన బ్రేక్ ఆయిల్‌ను మోరీలో పోయకూడదు. దాన్ని వాడేసిన ఇంజన్ ఆయిల్‌తో కలిపినా రీసైక్లింగ్‌కు ఇబ్బంది. విడి డబ్బాలో పోసి, పేరు రాసి, వ్యర్థాలను తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వాలి. ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి, లేదంటే బండి పెయింటు లేచిపోతుంది.