మిఠీ నది వెంట ఒక ఆదివారం

మా చిన్నోనికి నది అంటే సెలవుల్లో కరీంనగర్ పోయినప్పుడు చూసే గోదావరే. "మన బొంబాయిల నది లేదా డాడీ?" అని అడిగితే, కుర్లాలో రోజూ దాటే నల్లటి నాలా చూపించిన. నమ్మలేదు. అందుకే ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరం బయల్దేరినం.

మొదట పవయీ చెరువు. వానకాలంలో ఈ చెరువు మత్తడి దుంకుతది. అడవి గుట్టల్లోని విహార్ చెరువు కూడా నిండి పొర్లుతది. ఆ రెండు నీళ్లూ కలిసి మిఠీ అయితది. మిఠీ అంటే తీపి! పొడవు సుమారు 18 కిలోమీటర్లే. సాకీనాకాకు వచ్చేసరికి నూనె డ్రమ్ములు, ప్లాస్టిక్ కడిగిన మురికి కలిసి రంగు మారింది. తర్వాత విమానాల రన్‌వే కిందనుంచి దూరి కుర్లాకు, అక్కడినుంచి బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ అద్దాల మేడల పక్కకు వస్తది. అక్కడ మడచెట్లు కనబడ్డయి. అంటే సముద్రపు పోటు అంతదూరం లోపలికి వస్తదన్నమాట.

2005 జూలై 26 సంగతి వానికి అక్కడే చెప్పిన. సాంతాక్రూజ్‌లో ఒక్కరోజే 944 మిల్లీమీటర్ల వాన. అదే టైముకు సముద్రానికి పోటు. నది ఒడ్లు పూడ్చి ఇరుకు చేసిరి, ఇక నీళ్లు ఎటు పోవాలె? మా ఖోలీలోకి వచ్చినయి. మంచం కింది రేకుపెట్టెలో మా బాపు మిల్లు టికెట్ కార్డు, పీఎఫ్ కాగితాలు ఉండె. మూడోనాడు పెట్టె తెరిస్తే అంతా బురద ముద్ద. 1982 సమ్మెలో కొలువు పోయినా బాపు దాచుకున్నవి అవి. తర్వాత మిల్లు కార్మికుల ఇండ్లకు దరఖాస్తు పెడితే రుజువు ఏదన్నరు. బాపు ఏమీ అనలేదు, తలవంచుకొని ఇంటికొచ్చిండు.

సాయంత్రానికి మాహిం చేరినం. పాత కోట పక్కన, కోలీల పడవల దగ్గర మిఠీ అరేబియా సముద్రంలో కలుస్తది. చిన్నోడు చాలాసేపు చూసి, "పాపం, దీని తప్పేముంది డాడీ?" అన్నడు.

నిజమే. నీళ్లు తమ తొవ్వనే పోతయి. మన కాగితాలు మాత్రం మంచం కింద పెట్టకండి. జిరాక్సులు తీయించి, అటక మీద ఎత్తుగా పెట్టండి.