ఒక అంగుళం వదులు

బండి చైన్ బిగించమని అడిగేవాళ్లే గానీ వదులు చేయమని అడిగేవాళ్లు ఎక్కడా కనబడరు. తాండూరులో అసలే కనబడరు. చైన్ కవర్‌కు టకటకా కొట్టుకుంటుంటే షాపు ముందు ఆపి, దిగకుండానే "ఉస్తాద్, జర టైట్ చెయ్" అంటారు. పని తెలిసిన మెకానిక్ అయితే "దిగన్నా, చూడనియ్యి" అంటాడు. తెలియనివాడు వెంటనే పానా అందుకుంటాడు. మా ఇలాకాలో చైన్లు సగం దుమ్ముతో పోతాయి, సగం ఈ రెండో రకం పానాతో పోతాయి అన్నది నా నమ్మకం.

ముందు దుమ్ము సంగతి. వికారాబాద్ నుంచి తాండూరుకు సుమారు 40 కిలోమీటర్లు. అనంతగిరి అడవి మలుపులు దిగి ధారూర్ దాకా రోడ్డు పక్కన ఎర్రమట్టి. తాండూరు దగ్గరపడేకొద్దీ అంచులు తెల్లబడుతుంటాయి. నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటికోసం రాత్రింబవళ్లు తిరిగే లారీలు. ఎక్కడెక్కడి ఇళ్లలోనో నేలగా పరుచుకున్న తాండూరు బండ ఇక్కడ పొడిగా గాల్లో ఉంటుంది. 2016లో వికారాబాద్ జిల్లా అయినప్పటినుంచి కలెక్టరేటు పని పడ్డ ప్రతివాడూ ఈ దారినే పోవాలి కాబట్టి ఈ పొడి అందరికీ పంచబడుతుంది.

చైన్ అరిగితే అందరూ ఆ రాతిపొడినే తిడతారు. అందులో కొంత అన్యాయం ఉంది. అచ్చమైన సున్నపురాయి ఉక్కుకంటే మెత్తన, అది పిన్నును గీయలేదు. అది చేసేదల్లా చైన్ మీది నూనెను పీల్చుకొని ముద్దకట్టడం. గీసేది దాంతోపాటు వచ్చి చేరే ఇసుక. ఇసుకలోని స్ఫటిక రేణువులకు గట్టి ఉక్కు కూడా లొంగుతుంది. నూనె ఆరిపోయిన చైన్‌లోకి ఆ ఇసుక దూరిందంటే ఇక దాని పని అది చేసుకుపోతుంది.

ఆ పని జరిగేది పైకి కనబడే చోట కాదు. చైన్ సాగింది అంటాం గానీ పక్క పలకలు ఉన్నంతే ఉంటాయి. ప్రతి లింకులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ బుష్షు, బుష్షు మీద తిరిగే రోలర్. పిన్నూ బుష్షూ ఒరుసుకునే చోట వెంట్రుకవాసి అరుగుతుంది. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో పదో వంతు అనుకోండి. అలాంటి కీళ్లు చైన్ మొత్తం మీద వందకు పైనే ఉంటాయి గనుక సెంటీమీటరు పొడవు ఊరికే పెరిగిపోతుంది. జౌళి మిల్లులకు పేరుపడ్డ మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1880లో ఈ బుష్షును చేర్చి పేటెంటు తీసుకున్నదీ ఈ అరుగుదలను తగ్గించడానికే. అంతకుముందు పిన్ను భారమంతా సన్నటి పలక అంచుల మీద పడేది. బుష్షు వచ్చాక అది పిన్ను పొడవునా పరుచుకుంది. కోట్‌పల్లి నుంచి పొద్దున్నే పాలక్యాన్లు మోసుకొచ్చే బండి కింద తిరుగుతున్నది ఇప్పటికీ ఆ ఏర్పాటే.

ఇక బిగువు. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండికి చైన్ కింది వరుసను మధ్యలో వేలితో ఎత్తి దించితే సుమారు ఒక అంగుళం ఆడాలి. ఆ అంగుళం ఎందుకంటే, వెనక చక్రం స్వింగార్మ్ మీద ఊగుతుంటుంది. ఊగినప్పుడల్లా ముందు స్ప్రాకెట్‌కూ వెనక ఇరుసుకూ మధ్య దూరం మారుతుంది. స్టాండు మీద ఖాళీగా ఉన్న బండి వేరు. ఆలుమగలు కూర్చుని, ట్యాంకు మీద పిల్లవాడిని పెట్టుకుని, పక్కన కందుల మూట వేలాడదీసుకుని గుంతలో దిగిన బండి వేరు. ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ బోల్టు, ఇరుసు, ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చిన క్షణంలో చైన్‌కు కావలసిన పొడవు అన్నిటికన్నా ఎక్కువ. అప్పుడు వదులు లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగ్ మీదా, చక్రం బేరింగుల మీదా పడుతుంది. వదులు చైన్ కనీసం గట్టిగా చప్పుడు చేస్తుంది. బిగుసుకున్నది సన్నగా మూలుగుతుంది, బస్టాండు హారన్ల మధ్య అదెవరికి వినబడుతుంది? మరీ వదిలేయడమూ తప్పే. పళ్ల మీంచి జారి చక్రాన్ని పట్టేసిందంటే మనిషి రోడ్డు మీద ఉంటాడు.

నేను వెళ్లే షాపు నేల కూడా నాపబండలే. వేస్టాయిల్ తాగి తాగి వాటి నీలం ఎప్పుడో పోయింది. అక్కడి మెకానిక్ చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చైన్ ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో వెతుకుతాడు. చైన్ అన్నిచోట్లా సమంగా అరగదు, అందుకని వదులు కొలవాల్సింది ఆ బిగువు చోటే. ఇరుసు నట్టు సడలించి, రెండువైపులా అడ్జస్టర్లను సమంగా తిప్పి, స్వింగార్మ్ మీది గీతలు చూస్తాడు. చూసి వాటిని నమ్మడు. చక్రం వెనక గొంతుక్కూర్చుని చైన్ తిన్నగా పోతున్నదో లేదో ఒక కన్ను మూసి చూస్తాడు. ఆఖరున చైన్‌కూ వెనక స్ప్రాకెట్‌కూ మధ్య గుడ్డముక్క ఇరికించి, చక్రం ముందుకు గుంజుకుని కదలకుండా కూర్చున్నాకే నట్టు బిగిస్తాడు. ఇదంతా ఇంజిన్ ఆపి. గేరులో వేసి చక్రం దానంతట అది తిరుగుతుంటే చైన్‌కు గుడ్డ పట్టి తుడిచే కుర్రాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. వేలు పోవడానికి ఒక్క పన్ను చాలు.

కుర్రాళ్ల మాట వచ్చింది గనుక, స్టైలు కోసం చైన్ కవర్ పీకేసేవాళ్లకు ఒక మాట. మన రోడ్ల మీద ఆ కవర్ చైన్‌కు కట్టిన ఇల్లు. కాకపోతే లోపల ఉన్నది కనబడదు గనుక కవర్ ఉన్నవాళ్లు నూనె వేయడం మరిచిపోతారు. వేసేవాళ్లలోనూ ఎక్కువమంది వేస్టాయిల్ పోస్తారు. ఇంజిన్‌లోంచి తీసిన మురికిని చైన్‌లోకి పంపడం నాకు నచ్చదు. కిరోసిన్‌తో కడిగి, ఆరనిచ్చి, 90 నంబరు గేరాయిల్ లింకుల సందుల్లో చుక్కలుగా వేసి, పైన మిగిలింది తుడిచేస్తే చాలు. తడి పైన ఉంటే రాతిపొడికి చోటిచ్చినట్టే.

మార్చాల్సిన రోజు ఎలా తెలుస్తుంది? ఈ బండ్లకు వాడే 428 రకం చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం. ఇరవై లింకులు లాగిపట్టి కొలిస్తే కొత్తది 254 మిల్లీమీటర్లు. 259 వచ్చిందంటే దాని కాలం తీరింది. షాపులో స్కేలు ఉండదు. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ను వేళ్లతో వెనక్కి గుంజుతారు. పన్ను సగం బయటపడితే అయిపోయినట్టే. అప్పటికి స్ప్రాకెట్ పళ్లూ కొడవలి కొనల్లా ఒకవైపు వాలి ఉంటాయి. వెనక చక్రం ఒకసారి తిరిగేలోపు ముందు స్ప్రాకెట్ కొన్నిసార్లు తిరుగుతుంది కాబట్టి ముందుది ఇంకా తొందరగా అరుగుతుంది. అందుకే మూడూ కలిపి సెట్టుగా మార్చమంటారు. పాత పళ్ల మీద కొత్త చైన్ వేస్తే దానికీ అదే అరుగుదల పట్టుకుంటుంది.

సెట్టు మాటెత్తగానే బేరం మొదలవుతుంది. కంది పూతకొచ్చే రోజుల్లో ఈ బేరం ఎక్కువ. తాండూరు కందిపప్పుకు పేరుంది, 2022లో ఇక్కడి కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కానీ పంట చేతికొచ్చేది డిసెంబరు, జనవరిల్లో. అందాకా రైతు జేబులో చైన్ సెట్టుకు చోటుండదు.

"రెండు లింకులు తీసెయ్ తమ్మీ, కంది అమ్మినంక కొత్తది ఏద్దాం" అన్నాడొకాయన నా ముందే.

"తీస్త పెద్దనాయనా. పొట్టిగైతది గని కొత్తగైతదా? నీ చక్రం పండ్లు సుత తింటది."

"తిననియ్యి. సంక్రాంతిదాక ఆగుతే చాలు."

తీశాడు. తీయక ఏం చేస్తాడు? నేనైనా తీయమనేవాణ్ణే. అరిగిన లింకు పన్నుకు సరిగ్గా కుదరదని పుస్తకం చెబితే చెప్పనీ, అప్పుచేసి చైన్ కొనమని ఏ పుస్తకమూ చెప్పదు. బరువు తగ్గించుకుని మెల్లగా నడపమని మాత్రం మెకానిక్ చెప్పి పంపాడు.

సెట్టు మార్చినప్పుడు రెండు విషయాలు దగ్గరుండి చూసుకుంటాను. చైన్ లాకు క్లిప్పు మూసిన కొన చైన్ పోయే దిక్కుకే ఉండాలి. తిరగేసి పెడితే దేనికో తగిలి ఊడుతుంది. రెండోది బ్రేకు. పాత చైన్ సాగినకొద్దీ చక్రం వెనక్కి జరిగి ఉంటుంది. కొత్త పొట్టి చైన్ పడగానే అది ముందుకొస్తుంది. డ్రమ్ బ్రేకు బండికి అప్పుడు బ్రేకు రాడ్ వదులవుతుంది, పెడల్ కిందిదాకా దిగినా పట్టదు. రాడ్ చివరి నట్టు తిప్పి సరిచేసుకోవాలి. ముఖ్యంగా వికారాబాద్‌లో సెట్టు మార్పించుకుని తాండూరు బయల్దేరేవాళ్లు ఆ నట్టు షాపు ముందే తిప్పించుకోండి, ఊరు దాటితే అనంతగిరి దిగుడే.