గాజీ వెతికిన ఓడ మీది విమానాలు

విశాఖలో డిసెంబరు 4 దగ్గరపడితే గాజీ కథ మళ్లీ మొదలవుతుంది. 1971 భారత్-పాక్ యుద్ధంలో ఓ అర్ధరాత్రి వేళ సముద్రంలో పేలుడు వినిపించడం, కిటికీలు అదరడం, జాలరులకు శకలాలు దొరకడం పెద్దవాళ్లు చెప్పగా విన్నాం. సినిమా కూడా వచ్చింది. అయితే ఆ పాకిస్తానీ జలాంతర్గామి ఇంత దూరం వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ బలమంతా దాని డెక్కు మీది విమానాలే. వాటి ఊసెత్తేవాళ్లు తగ్గిపోయారన్నదే నా దిగులు.

వాటిలో జెట్ విమానాలు నడిపింది నౌకాదళ స్క్వాడ్రన్ ఐఎన్‌ఏఎస్ 300. దాన్ని వైట్ టైగర్స్ అంటారు. 1960లో బ్రిటన్‌లో మొదలైంది. దాని విమానం సీహాక్: ఒక్క పైలట్ పట్టే చిన్న జెట్, ఒకటే ఇంజను, నాలుగు 20 మి.మీ. తుపాకులు, ఓడ లోపల చోటు సరిపోవడానికి పైకి ముడుచుకునే రెక్కలు. 1971 నాటికే అది పాత మోడల్. 1965 యుద్ధంలో విక్రాంత్ మరమ్మతుల్లో ఉండిపోవడంతో ఓడ మీద నుంచి యుద్ధానికి లేచే అవకాశం ఈ స్క్వాడ్రన్‌కు రాలేదు.

1971లో రెండోసారీ అంతే అయ్యేది. ఓడ బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చింది. డెక్కు మీద నుంచి జెట్ లేవాలంటే ఎదురుగాలి కావాలి. సముద్రం మీద గాలి పడిపోతే ఓడే వేగంగా ముందుకు పోయి ఆ లోటు తీర్చాలి. బాయిలర్ దెబ్బతింటే ఆ వేగమే పోతుంది. ఇలాంటి ఓడను యుద్ధానికి పంపవద్దన్నవాళ్లున్నారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. అయినా పంపారు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లన్నా, మిగిలిన బాయిలర్లతో ఓడను నడిపిన ఇంజను గది మనుషులన్నా నాకు పైలట్లంత గౌరవం.

తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా ఇక్కడి కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు భారీగా పురమాయించారు. గాజీ విశాఖ వాకిట్లో మునిగిపోయింది. కొన్ని గంటలకే, డిసెంబరు 4 పగలు, ఎనిమిది సీహాక్‌లు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీదికి లేచాయి. ఆ తర్వాత చిట్టగాంగ్, ఖుల్నా, మోంగ్లా. రాత్రిళ్లు ఓడ మీది మరో రకం విమానాలు, అలిజేలు, వెళ్లేవి. వెళ్లిన ప్రతి సీహాక్ తిరిగొచ్చి, కదిలే డెక్కు మీద అడ్డంగా కట్టిన ఉక్కు తీగను తోక కొక్కెంతో అందుకోవాలి. అందకపోతే మళ్లీ గాల్లోకి లేవాల్సిందే. స్క్వాడ్రన్ నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తాకు మహావీర చక్ర వచ్చింది.

సీహాక్‌ల స్థానంలోకి 1983లో సీ హారియర్లు వచ్చాయి. విక్రాంత్ 1997లో సేవ ముగించి ముంబయిలో మ్యూజియం అయింది. 2014లో దాన్ని తుక్కుకు అమ్మేశారు. ఆ ఉక్కులో కొంత మోటారు సైకిళ్లలోకి పోయింది. అంతటి ఓడను నిలబెట్టుకోలేకపోవడం నాకిప్పటికీ మింగుడు పడదు. స్క్వాడ్రన్ మాత్రం పోలేదు. 2016లో సీ హారియర్లు విరమించినప్పుడు గోవాలో మిగ్-29కెలు ఆ స్థానం తీసుకున్నాయి. నంబరు అదే 300, పేరూ అదే వైట్ టైగర్స్.