మాట పడిపోవుట, మతి పోవుట

మన గోదావరి సీమలో పక్షవాతము తగిలినవానిని గూర్చి చెప్పునపుడు జనులు మూడు మాటలు వాడుదురు. కాలుచేయి పడిపోయినదందురు, మాట పడిపోయినదందురు, మతి పోయినదందురు. మొదటి రెండును కంటికి, చెవికి తెలియునవి. మూడవది అట్లు తెలియునది కాదు. అయినను మొదటి రెండును జరిగినచోట మూడవదియు జరిగినట్లే మన యిండ్లలో తీర్మానమైపోవుచున్నది. పరామర్శకు వచ్చిన బంధువులు మంచము ప్రక్కనే నిలిచి, "పాపము, ఏమియు తెలియదు గదా?" అని ఇంటివారి నడుగుదురు. ఇంటివారు "ఏమియు తెలియదు" అని బదులు చెప్పుదురు. రోగి కన్నులు ఈ మొగమునుండి ఆ మొగమునకు తిరుగుచుండును.

నేను వైద్యుడను కాను. పిల్లలకు భాషలు చెప్పుకొని బ్రదుకువాడను. కాని మాటకును మతికిని గల సంబంధమేమి యను ప్రశ్న వైద్యులది మాత్రమే కాదు. మన వ్యాకరణశాస్త్రమంత పాతది. భర్తృహరి వాక్యపదీయమున వాక్కును వైఖరి, మధ్యమ, పశ్యంతి యని మూడు విధములుగా చెప్పెను. తరువాతివారు పర యను నాలవదానిని చేర్చిరి. వైఖరి నోట వెలువడి పరుల చెవి సోకునది. మధ్యమ లోపలనే వరుసగా కూర్చబడి యింకను వెలికి రానిది. విద్యార్థి దశలో ఈ విభాగమును పరీక్షలకొరకు వల్లించితిమే గాని, వైఖరి పోయి మధ్యమ నిలిచిన మనుష్యుడు ఎదుట కూర్చుండునని మాలో నెవ్వరు నూహింపలేదు.

అట్టి మనుష్యుని నొకనిని శాస్త్రజ్ఞులు శ్రద్ధగా చూచినది 1861లో, పారిసు నగర సమీపమున బిసేత్రు వైద్యశాలలో. పాల్ బ్రోకా యను శస్త్రవైద్యుని యొద్దకు వచ్చిన రోగి యొకడు ఏమడిగినను "టాన్, టాన్" అని మాత్రమే పలుకుచుండెను. ఈ వైద్యశాలలో నెన్నేండ్లనుండి యున్నావని బ్రోకా యడుగగా, అతడు ఎడమచేతి అయిదు వ్రేళ్లను నాలుగుమార్లు చాచి, మఱొక వ్రేలు చూపెను. ఇరువదియొక్క సంవత్సరములు. లెక్క సరిపోయినది. అతడు కొలది దినములలో మరణింపగా, మెదడు ఎడమ భాగమున, నొసటి వెనుకటి చోట చెడియున్నట్లు బ్రోకా కనిపెట్టెను. 1874లో జర్మనీ వైద్యుడు వెర్నిక్ మఱొక విధమగు రోగులను వర్ణించెను: వీరు ధారాళముగా మాటాడుదురు, మాటలలో అర్థముండదు, ఇతరులు చెప్పునదియు సరిగా బోధపడదు. కావున మాట పోయినవారందఱు ఒక్క తీరువారు కారు. ఎవనికేమి పోయినది, ఏమి మిగిలినది అనునది పరీక్షించి తెలిసికొనవలసినదే గాని, మొగము చూచి చెప్పదగినది కాదు.

ఈ విషయమున మన తెలుగువారి నడుమనే జరిగిన పరిశోధన యొకటి నాకు మిక్కిలి విలువగలదిగా తోచినది. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ యందు సువర్ణ అల్లాడి గారును, ఆమె సహచరులును, ఎడింబరో విశ్వవిద్యాలయమునకు చెందిన థామస్ బాక్ గారును గూడి, మెదడు రక్తనాళము పూడుకొనిపోయి పక్షవాతము వచ్చిన 608 మంది రోగుల వృత్తాంతమును పరిశీలించి, ఫలితములను 2016లో 'స్ట్రోక్' అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఒక్క భాషతోనే జీవితము గడపినవారికిని, రెండుగాని అంతకు మించిగాని భాషలు వాడుకొనినవారికిని, జబ్బు తరువాత బుద్ధి నిలుచుటలో భేదమున్నదా యనునది వారి ప్రశ్న. భేదము కనబడినది. బహుభాషులలో నూటికి 40.5 మందికి బుద్ధి యథాస్థితిలో నున్నది. ఏకభాషులలో నూటికి 19.6 మందికి మాత్రమే. వయస్సు మొదలగు ఇతర కారణములను లెక్కలోనికి తీసికొనిన పిదపను ఈ భేదము నిలిచినది.

ఇట్టి పరిశోధనకు హైదరాబాదు తగిన చోటు. ఇంట తెలుగు, అంగట ఉర్దూ, కచేరిలో ఇంగ్లీషు అచ్చట విద్వాంసుల సొత్తు కాదు. జట్కా తోలినవారికిని, కూరలమ్మినవారికిని అలవాటే. కెనడాలో ఇట్టి పరిశీలనలు జరిగినపుడు, అచ్చటి బహుభాషులలో పెక్కుమంది వలసవచ్చినవారు గనుక గుణము భాషదో వలసదో తేల్చుట కష్టమని యాక్షేపణ వచ్చెను. హైదరాబాదువారికి ఆ చిక్కు లేదు. ఇదే సంస్థవారు 2013లో ప్రకటించిన మఱొక పరిశీలనలో, మతిమరపు వ్యాధి వచ్చిన 648 మందిని చూడగా, బహుభాషులకు ఆ వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా పొడసూపినది. చదువను వ్రాయను రానివారిలోను ఈ భేదము కనబడెను.

నావంటి భాషోపాధ్యాయుడు ఈ అంకెలు చూచి మీసము దువ్వుట సహజము. కాని 2016 నాటి వ్యాసములోనే, అంతగా చప్పుడు చేయని అంకె యొకటి కలదు. మాట చెడినవారెందఱని లెక్కింపగా ఏకభాషులలో నూటికి 11.8, బహుభాషులలో 10.5. ఇది భేదమనిపించుకొనదు. అనగా పెక్కు భాషల యభ్యాసము బుద్ధికి కొంత కాపు కాసినది, నాలుకకు కాయలేదు. మాటయు మతియు ఒక్కటే యైనచో ఈ రెండంకెలును కలిసి నడువవలెను. అవి వేఱు త్రోవలు పట్టినవి. మన యిండ్లలో మంచము ప్రక్కన జరుగుచున్న తీర్మానమునకు ఇంతకంటె గట్టి సమాధానము నేను చదివి యెఱుగను.

ఇది పరిశీలనయే గాని ప్రయోగము కాదని యిచ్చట చెప్పవలెను. పుట్టిన బిడ్డలకు చీట్లు వేసి, వీనికి రెండు భాషలు, వానికి ఒకటియని పంచిపెట్టుట యెవరి తరమును గాదు. పెక్కు భాషలు నేర్చినవారి జీవనములో ఇంకను ఏయే గుణములున్నవో యెవరు చెప్పగలరు? ఈ సంగతి తెలిసి రేపటినుండి తాతగారికి కొత్త భాష మొదలుపెట్టించుట అవివేకము. అంతకంటె అవివేకము, ఇంట తెలుగు మాన్పించి పిల్లవానికి ఇంగ్లీషొక్కటే అలవరచుట. వాడును ఏకభాషుడే యగును. భాష మాత్రము మారినది.

ఇక మా మేనమామగారి సంగతి. ఆయన ఖరగపూరు రైల్వే లెక్కల కచేరిలో ముప్పదియేండ్లకు పైగా పనిచేసి, కోనసీమలో అమలాపురమునకు నాలుగు క్రోసుల దూరముననున్న స్వగ్రామమునకు వచ్చి స్థిరపడెను. తండ్రియొద్ద సంస్కృతము, కచేరిలో ఇంగ్లీషు, కూలీలతో హిందీ, బజారులో బెంగాలీ. 2018 చలికాలమున ఒకనాటి వేకువను లేచుసరికి కుడిచేయి, కుడికాలు పడిపోయి యుండెను, మాట లేదు. పట్టణములోని ఆసుపత్రికి తీసికొనిపోయిరి. రక్తపు గడ్డను కరగించు మందును సాధారణముగా జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఈయవలెను. నిద్రలో వచ్చిన జబ్బు ఎప్పుడు మొదలైనదో ఎవరు చెప్పగలరు? మందునకు వేళ మించినది. మూడు నెలలకు కఱ్ఱ పట్టుకొని నడవసాగెను. నోట వచ్చు మాట యొక్కటే: "అదే." ఆకలికి అదే, కోపమునకు అదే.

ఆయన పెద్ద కుమారుని భార్యను నేను అక్కయ్యగారని పిలుతును. ఒకనాటి సాయంకాలము ఆమె దీపము పెట్టి భాగవత పద్యము నొకదానిని రాగముతో చదువుచుండగా, మామయ్య వెనుకనుండి పాదమంతయు తప్పులేక అందుకొనెను. ఇల్లంతయు గుమిగూడెను. మతి తిరిగి వచ్చినదని కొందఱు. పద్యము చెప్పగలవాడు మంచినీళ్లడుగలేడా, ఇదియంతయు మొండితనమే యని మఱికొందఱు. ఇద్దఱిదియు పొరపాటే. ఎన్నో యేండ్లు నోట నానిన పద్యము, అందులోను రాగముతో కూడినది, మామూలు మాట వచ్చు త్రోవను రాదు. ఈ సంగతి వైద్యు లెఱుగుదురు. దీనినాధారము చేసికొని 1973లో అమెరికాలోని బోస్టను నగర వైద్యులు రాగముతో మాట నేర్పు చికిత్స యొకటి కల్పించిరి. కావున ఆ పద్యము మతి యున్నదనుటకును, లేదనుటకును సాక్ష్యము కాదు.

సాక్ష్యము మఱొకనాడు దొరకినది. కొబ్బరి దింపు అయినది. వర్తకుని మనుష్యులు రెండు చేతుల నాలుగేసి కాయలు తీసి విసరుచు, నూరు నిండినపుడెల్ల గురుతుగా ఒక కాయను ప్రక్కన పెట్టుచు లెక్కించుచుండిరి. మామయ్య అరుగు మీద కూర్చుండి చూచుచుండెను. నడుమ హఠాత్తుగా లేచి, "అదే, అదే" యని కేకలు వేయుచు, గురుతు కాయలవైపు చేయిచాచి ఒక వ్రేలు చూపెను. పెద్ద బావ "నాన్నగారికి చిరాకు వచ్చినది, లోపలికి తీసికొనిపొండు" అనెను. అక్కయ్య లోపలికి తీసికొనిపోలేదు. కుప్పను మరల లెక్కపెట్టించెను. ఒక గురుతు తప్పినది. నూరు కాయలు తేడా. బిసేత్రులో ఆ రోగి వ్రేళ్లకును, ఈ అరుగుమీది వ్రేలికిని నాకు భేదము కనబడలేదు.

ఆ నూరు కాయలకంటె పెద్ద లెక్క కొలది నెలలకు వచ్చినది. మామయ్యకు ఇద్దఱు కుమారులు, ఒక కుమార్తె. కుమార్తె భర్తను పోగొట్టుకొని పుట్టినింటనే యున్నది. కాలువగట్టు తోట ఆమెకని మామయ్య జబ్బుకు ముందు పలుమార్లు చెప్పియుండెను, వ్రాయలేదు. కుమారులు ఆస్తియంతయు తమ యిద్దఱికి చెందునట్లు దానపత్రము వ్రాయించిరి. వారు దుర్మార్గులు కారు. తండ్రికి ఏమియు తెలియదనియే నమ్మిరి. అయినను పత్రములో "పూర్తి తెలివితో, మనఃపూర్వకముగా" అను మాటలు మామూలుగా పడినవి. బంధువులకు ఏమియు తెలియదని చెప్పినవారే దస్తావేజులో అంతయు తెలియునని వ్రాయించిరి. మన యిండ్లలో ఇది వింత కాదు. ముసలివారి తెలివి మనకు కావలసినపుడు వచ్చును, అక్కఱ లేనపుడు పోవును.

రిజిస్ట్రారు ఇంటికే వచ్చెను. పత్రము చదివి వినిపించి, సమ్మతమా యని యడిగెను. మామయ్య "అదే" యనెను. అంతటితో ముగిసిపోవలసినదే. అప్పుడు అక్కయ్య తలుపు చాటునుండి బయటికి వచ్చి, అవుననుటకును కాదనుటకును ఆయన నోట ఆ మాటయే వచ్చుననియు, నోటిని గాక తలను చూడవలెననియు, ప్రతి ప్రశ్నను రెండు విధముల త్రిప్పి యడుగవలెననియు మనవి చేసెను. ఆసుపత్రిలో వైద్యుడొకడు ఆమెకు చెప్పిన ఉపాయమది: అవును, కాదు అనునవి ఇట్టి రోగులకు తాఱుమాఱగుట కలదు గనుక, సూటిగా ఒకసారి, తిరుగవేసి ఒకసారి అడిగి, రెండును పొసగిననే నమ్మవలెను. అధికారి ఓపికగలవాడు. తోట కుమారులకా యని యడుగగా తల అడ్డముగా ఊగినది. తోట కుమార్తెకా యనగా నిలువుగా ఊగినది. మఱి కొంతసేపటికి మరల అడిగినను అంతే. ఆనాడు దస్తావేజు కాలేదు. రెండు నెలలకు వేఱొకటి యైనది; అందులో తోట కుమార్తెకు వచ్చినది.

1872 నాటి కాంట్రాక్టు చట్టము తెలివిగలవాడెవడని చెప్పునపుడు, ఒప్పందమును గ్రహించి తన మేలుకీళ్లు విచారించుకొనగలవాడనియే చెప్పుచున్నది. నాలుక ప్రసక్తి లేదు. నోరు లేని సాక్షి వ్రాతచేగాని సంజ్ఞలచేగాని సాక్ష్యమీయవచ్చునని అదే సంవత్సరపు సాక్ష్యచట్టము చెప్పినది. దాని స్థానమున వచ్చిన 2023 చట్టములోను ఆ నియమము నిలిచినది. చట్టమునకున్న ఈ పాటి వివేకము మన చావళ్లకు రావలసియున్నది.

వైద్యశాస్త్రమునందును ఈ లోపము కొంత కలదు. పక్షవాతపు చికిత్స ఫలించినదా లేదాయని కొలుచుటకు లోకమంతట వాడుచున్న మెట్ల పట్టిక 1957లో గ్లాస్గో వైద్యుడు రాంకిన్ వేసినదానినుండి వచ్చినది. రోగి నడచునా, తన పనులు తాను చేసికొనునా, ఎంత సాయము కావలెను అనునవి దాని ముఖ్య ప్రశ్నలు. మంచి ప్రశ్నలే. కాని తన కూతురిని పేరుపెట్టి పిలువలేని మనుష్యుడు కఱ్ఱ లేక నడచినచో ఆ పట్టికలో మంచి మెట్టుమీదనే నిలువగలడు. హైదరాబాదువారు తెలుగు రోగులకు తెలుగులోనే పరీక్ష అమర్చి బుద్ధిని వేఱుగా, మాటను వేఱుగా కొలిచిరి. వారి పనిలో నాకు నచ్చినది అదియే. బహుభాషల మహిమ తరువాతిది.

ఆరు నెలలలో వచ్చిన మాటయే మాట, తరువాత రాదని మన వైపున ఒక నమ్మకము కలదు. 2017లో 'లాన్సెట్' పత్రికయందు జర్మనీవారు ప్రకటించిన పరిశోధన దీనిని నిలువనీయలేదు. మాట పోయి ఆరు నెలలు దాటిన 156 మందిలో కొందఱికి వెంటనే మూడు వారములు, వారమునకు పది గంటలకు తగ్గకుండ వాక్చికిత్స చేసి, తక్కినవారికి ఆలస్యముగా మొదలిడి పోల్చి చూచిరి. చికిత్స పొందినవారి మాట మెఱుగుపడినది. వేచియున్నవారికి ఆ మార్పు లేదు.

మా మామయ్య గ్రామములో వాక్చికిత్సకుడెవడు? అక్కయ్యయే దినమున కొక గంట కూర్చుండి, వస్తువు చూపుచు, పేరు నెమ్మదిగా పలుకుచు, ఆయన పెదవులు కదలువఱకు వేచియుండెడిది. ఒకనాడాయన స్పష్టముగా "జోల్" అనెను. జోల పాడుమనుచున్నాడని పిల్లలు నవ్విరి. ఖరగపూరులో పెరిగిన కుమార్తె వంటయింటినుండి పరుగెత్తివచ్చి మంచినీళ్లిచ్చెను. బెంగాలీలో నీటికి ఆ పేరు. తెలుగున "నీళ్లు" రాకముందే అది వచ్చినది. రెండవ సంవత్సరాంతమునకు ఆయనకు పదునొకండు మాటలు చేఱినవి. అక్కయ్య వానిని పాత పంచాంగపు అట్టవెనుక, వచ్చిన క్రమమున, తేదీలతో వ్రాసిపెట్టినది. "జోల్" రెండవది, "కాఫీ" నాలవది. మొదటిది "వద్దు."